ముందు పంటి ఫిల్లింగ్ టీ, కాఫీలకు రంగు మారింది: పాలిష్ చాలా, మార్పించాలా?

పెన్నాతీరం: ముందు పళ్ల సందులో కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగ్), ఏ2 షేడ్ (పళ్ల రంగుల వరసలో ఒకటి). ఎనిమిది నెలలకే పసుపు తిరిగింది. పాలిష్ చాలా? టీ మానాలా, కాఫీయా? పళ్లకు బ్లీచింగ్ చేయిద్దామనీ ఉంది.

చిక్కటి_చాయ్: రంగు ఎక్కడ పట్టిందో చెప్పండి ముందు. ఫిల్లింగ్ అంతటా పల్చగా ఉంటే పైపొర మరకే, పాలిష్‌తో పోతుంది. పంటికీ ఫిల్లింగ్‌కీ మధ్య వెంట్రుకంత గోధుమరంగు గీత ఉంటే అంచు విడిందని. లైటు పెట్టి గట్టిపరిచేటప్పుడు రెసిన్ రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకి అంచు వదిలితే టీ అందులోకి దిగుతుంది.

కొబ్బరితోట: పాపమంతా టీదే. కాఫీ ఎంత తాగినా ఫర్వాలేదు.

చిక్కటి_చాయ్: తప్పండీ. టీ రంగు ఎక్కువగా ఉపరితలానికి అంటుకుంటుంది, బ్రష్‌కి చాలావరకు వదులుతుంది. కాఫీలోని పసుపు రంగు పదార్థాలు రెసిన్ లోపలికి ఇంకుతాయి. ఇంకింది బ్రష్‌కి రాదు.

కొబ్బరితోట: టీ గ్లాసు అడుగున పట్టే గార ఎప్పుడైనా తోమారా? పీచుకి కూడా రాదు!

చిక్కటి_చాయ్: గ్లాసుని రోజుకు రెండుసార్లు పేస్టుతో తోముతున్నారా? పైగా మన టీలో పాలుంటాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్, టీలో మరక పట్టించే టానిన్లను పట్టేస్తుంది. షుగర్ అని పాలు మానేసి బ్లాక్ టీకి మారితే మరక పెరుగుతుంది.

నల్లమల: ఇద్దరూ పసుపు పాలు మరిచారు. వేడి పాలలో అర చెంచా పసుపు, రోజూ రాత్రి. కాంపోజిట్‌కి అంతకంటే గట్టి రంగు ఇంట్లో లేదు.

డిస్క్_చేయి: 18 ఏళ్లుగా ఫిల్లింగులు పెడుతున్నాను, గట్టిగానే చెబుతాను. సగం మరకలకు కారణం తాగేది కాదు, ముగింపు. రెండు మిల్లీమీటర్లకు మించని పొరలు, పొరకి 20 సెకన్ల లైటు. గాలి తగిలిన పైపొర పూర్తిగా గట్టిపడదు, జిగటగా మిగులుతుంది. దాని మీద గ్లిజరిన్ జెల్ రాసి మళ్లీ లైటు పెట్టాలి, లేదా ఆ పొరను అరగదీసేయాలి. ఫిల్లింగ్ మీద ఒత్తి పెట్టిన ప్లాస్టిక్ పట్టీ తీయగానే అద్దంలా మెరుస్తుంది కదా అని పాలిష్ వదిలేస్తే, పైన రెసిన్ ఎక్కువున్న పొర అలాగే ఉండి రంగు పీలుస్తుంది. పాలిష్ చేసే డిస్కులు గరుకు నుంచి నునుపుకి వరసగా, ప్రతి డిస్కుకీ మధ్య కడిగి. ఒకటి దాటేస్తే గీతలు మిగులుతాయి, మరక అక్కడే కూర్చుంటుంది.

కొబ్బరితోట: కుర్చీలో నోరు తెరుచుకున్న మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మీవాళ్ల తప్పుకి మమ్మల్ని టీ మానమంటారు!

డిస్క్_చేయి: నాలుకతో తడమండి. పక్క పన్నులా జారాలి. గరుకు తగిలితే అప్పుడే అడగండి. లైటు ఆపాక కూడా ఒక రోజు దాకా రెసిన్ గట్టిపడుతూ ఉంటుంది, ఆ 24 గంటలు టీ, కాఫీ, పసుపు వద్దు.

నల్లమల: బొగ్గు పొడితో తోమితే తెల్లబడుతుందంటున్నారు.

డిస్క్_చేయి: దయచేసి వద్దు! గీతలు పడి మరక ఇంకా ఎక్కువ పడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుక్కిలిస్తూ టీ తాగినా గోధుమ మరకే.

మామిడిరెమ్మ: బ్లీచింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. దానికి పళ్లు తెల్లబడతాయి, ఫిల్లింగ్ షేడ్ మారదు. తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు బ్లీచింగ్, రెండు వారాలు ఆగి కొత్త ఫిల్లింగ్. వెంటనే పెడితే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల రెసిన్ సరిగా అతకదు.

పెన్నాతీరం: అద్దంలో చూశాను. చిగురు వైపు గీత ఉంది, గోరు ఆగుతోంది.

చిక్కటి_చాయ్: అయితే పాలిష్ ఒక్కటే చాలదు. ఎక్స్‌రే తీయించి కింద పుచ్చు ఉందేమో చూడమనండి. పుచ్చు లేకపోతే ఆ అంచు వరకే తీసి కొత్త రెసిన్ అతికించొచ్చు, మొత్తం మార్చక్కర్లేదు.