కారు ఎత్తు తగ్గించాక వెనక బ్రాకెట్లు: పై రంధ్రమా, కింది రంధ్రమా?

ప్రశ్న:
అన్నా, నా కారుకి వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). స్ప్రింగులు మార్చి 1.5 అంగుళాలు దించాను. అప్పటి నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు దడదడా ఎగురుతున్నాయి. కింద పడుకుని చూస్తే లోయర్ కంట్రోల్ ఆర్మ్ (యాక్సిల్‌ని కారు బాడీకి కలిపే కింది కడ్డీ) యాక్సిల్ వైపు పైకి లేచి ఉంది. ఆ కొసను కిందికి దించే రీలొకేషన్ బ్రాకెట్లు తెచ్చాను, ఒక్కోదానికి రెండు రంధ్రాలు. ఏది వాడాలి? వెల్డింగ్ తప్పదా?

జవాబు:
తమ్ముడూ, ఆ వాలే కారణం. ఆర్మ్ ముందు కొస యాక్సిల్ కొస కంటే కాస్త పైన ఉంటేనే తొక్కినప్పుడు టైరు నేలను పట్టుకుంటుంది. పై రంధ్రంతో మొదలుపెట్టు. మరీ కిందికి పెడితే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రం ఎగరొచ్చు. నేను మొదట బోల్టులతోనే సరిపెట్టాను. కొన్ని వారాలకు బ్రాకెట్ అంచున పెయింట్ అరిగిపోయి, సన్నటి గీతలా ఇనుము మెరుస్తూ కనిపించింది. అంటే అది కదులుతోంది! చాలా టెన్షన్ పడ్డాను. విప్పి, పెయింట్ గీకించి, వెల్డింగ్ చేయించాకే నిద్రపట్టింది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ కనెక్షన్ తీసెయ్, బ్రేక్ పైపులు జాగ్రత్త.

ఇంకో జవాబు:
కారు జాకీ స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించకండి. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి టార్క్ (పూర్తి బిగింపు). లేదంటే ఆర్మ్ కొసలో ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే అడ్డ కడ్డీ) ఉంటే అదీ చూడండి, కారు దించితే యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పై రంధ్రమే వాడాను అన్నా. ఎగరడం ఆగింది. వెల్డింగ్ ఈ ఆదివారం.