వదంతిని అంటువ్యాధి లెక్కల్లో పెట్టొచ్చా?

స్టాటిస్టిక్స్ మాస్టారు, తిరుపతి
డిగ్రీ పిల్లలకు అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టే ఎస్‌ఐఆర్ మోడల్ చెప్పినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఇది. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు ఈ మోడల్ కోసం జనాన్ని మూడు వర్గాలు చేశారు: రోగం రాగలవాళ్లు, వచ్చినవాళ్లు, బయటపడినవాళ్లు. 1964లో డేలీ, కెండాల్ అనే గణితజ్ఞులు అదే పద్ధతిని వదంతులకు తెచ్చారు: విననివాళ్లు, చెప్పేవాళ్లు, విని ఊరుకున్నవాళ్లు.

నా పక్షం ముందే చెప్తున్నా. వాట్సాప్ కాలంలో ఈ లెక్క తప్పనిసరి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న మెసేజీలకు దేశంలో అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు కట్టడి చేసింది. ఒక్కొక్కరు ఎంతమందికి అంటిస్తారన్న సంఖ్యను తగ్గించడమే కదా అది? మీరేమంటారు?

తోతాపురి రైతు, బంగారుపాళ్యం
నేనొప్పుకోను సార్. మా మామిడి గ్రూపులో సీజన్ మధ్యలో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, ఫలానా జ్యూస్ ఫ్యాక్టరీ ఎల్లుండి నుంచి కాయ తీసుకోదంట అని. మా నాయన విని ఫోన్ పక్కన పెట్టేసినాడు. సాయంత్రం పక్క తోటలో కోత మొదలైంది. మా మామ ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు. మండీలో కూడా అదే మాట అన్నారు. అప్పుడు కదిలినాడు ఆయన. రోగమైతే ఒక్క తుమ్ము చాలు. మనిషి మూడు దిక్కుల నుంచి వింటేగానీ నమ్మడు.

ఇంకోటి. అందరం ఒక్కసారిగా కోసి గేటు కాడికి తోలినాం. రాత్రంతా లైన్లో ట్రాక్టర్లు, అడుగున కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారతా ఉంది. అంత సరుకు చూసి వాళ్లు నిజంగానే గేటు మూసేసినారు. పుట్టినప్పుడు అబద్ధమే, మా తొందర దాన్ని నిజం చేసింది. ఏ వైరస్ అయినా అట్లా చేస్తుందా?

ఏర్పేడు రీసెర్చ్ స్టూడెంట్
అన్నా, మీ నాయనగారి పద్ధతి మీద పెద్ద పనే జరిగింది. డామన్ సెంటోలా, మైఖేల్ మేసీ అనే సమాజ శాస్త్రవేత్తలు 2007లో దీన్ని కాంప్లెక్స్ కంటేజియన్ అన్నారు. ఒకరు చెబితే చాలదు, తెలిసినవాళ్లు పలువురు చేస్తుంటే చూడాలి. 2010లో సెంటోలా ఇంటర్నెట్‌లో ప్రయోగం పెట్టి మనుషుల్ని రెండు రకాల నెట్‌వర్కుల్లో కలిపాడు. ఒకరికొకరు తెలిసిన గుంపులున్న నెట్‌వర్కులో సుమారు 54 శాతం మంది ఒక కొత్త అలవాటు అందుకున్నారు. ఎవరెవరికో కలిపినదాంట్లో 38 శాతమే. మామూలు అంటువ్యాధి మోడల్ దీనికి తిరగేసి చెబుతుంది, దూరపు లింకులుంటేనే త్వరగా పాకుతుందని. కాబట్టి మాస్టారూ, వార్త వినడం వరకు మీ లెక్క సరిపోతుంది. నమ్మి కాయ కోయడానికి సరిపోదు.

స్టాటిస్టిక్స్ మాస్టారు
మంచి మాట. అయితే మూడు సార్లు వినాలన్న షరతును మోడల్‌లో పెట్టడానికి అడ్డేమీ లేదమ్మా. డేలీ, కెండాల్ కూడా రోగం లెక్కను ఉన్నదున్నట్టు దించలేదు. వాళ్ల మోడల్‌లో చెప్పేవాడు కాలం గడిచి కోలుకోడు. ఇప్పటికే తెలిసినవాడు ఎదురైతే ఊరుకుంటాడు. ఫలితం చూడండి: రోగానికి ఒక హద్దుంది, ఒక్కొక్కరు సగటున ఒకరికన్నా తక్కువమందికి అంటిస్తే అదే ఆరిపోతుంది. ఈ వదంతికి ఆ హద్దే లేదు. ఎంత నెమ్మదిగా చెప్పుకున్నా చివరికి విననివాళ్లు దాదాపు 20 శాతమే మిగులుతారు. వేగం తగ్గిస్తే ఆలస్యమవుతుంది, ఆగదు. 2019లో ఫార్వర్డు కట్టడిని ఇలాంటి మోడల్‌తో పరీక్షించినవాళ్లకూ అదే తేలింది: బాగా పాకే సరుకు ఆలస్యమైనా చేరుతుంది.

ఏఎన్ఎం, రామచంద్రాపురం మండలం
ఆలస్యం అంత తేలిగ్గా అనకండి సార్. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకైంది. కింది ఊళ్లు ఖాళీ చేయమన్నారు. ముసలివాళ్లను, బాలింతలను ఎత్తుకుని బయటపడ్డాం. కట్ట నిలబడింది, దేవుడి దయ. ఆ మాట మా దాకా వచ్చింది గ్రూపుల్లోనే. ఆ రోజు మెసేజీ ఒక్క గంట ఆలస్యమైతే? మీ మోడల్‌లో కట్ట లీకవుతోందన్న నిజానికీ, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న అబద్ధానికీ తేడా ఏముంది? రెండూ సోకడమేనా? నిజం చెప్పేవాళ్లను రోగి అని రాస్తే నాకు కష్టంగా ఉంది.

ఏర్పేడు రీసెర్చ్ స్టూడెంట్
అక్కా, మీరడిగింది అసలు ప్రశ్న. 2018లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీవాళ్లు ట్విట్టర్‌లో అబద్ధం నిజంకన్నా వేగంగా, లోతుగా పాకుతుందని చూపారు. 2021లో జూల్, ఉగాండర్ అనే పరిశోధకులు అదే డేటాలో ఒకరి నుంచి ఒకరికి పాకిన సమానమైన సైజు గొలుసుల్ని పక్కపక్కన పెడితే ఆకారంలో తేడా దాదాపు పోయింది. అబద్ధం అంటుకునే గుణం కాస్త ఎక్కువ, పాకే తీరు ఒకటే. అంటే పాకే తీరు చూసి ఏది నిజమో పట్టుకోలేం. కట్టడి పెడితే రెండింటికీ తగులుతుంది.

తోతాపురి రైతు
అక్క చెప్పిందే నా మాట కూడా. సార్, మీ లెక్క వద్దనను, కానీ ఫార్వర్డు తగ్గించడం కాడ ఆగిపోవద్దండి. ఆ రాత్రి మాకు కావాల్సింది ఒకటే: గేటు ముందు ఎన్ని ట్రాక్టర్లున్నాయి, ఏ టైముకు ఎంత కాయ దించుకున్నారు అని ఫ్యాక్టరీ నుంచే ఎవరైనా గంట గంటకూ పెట్టుంటే, మా నాయన పక్క తోటను చూసి కోయించేవాడు కాదు. వచ్చే జూన్‌లో మా గ్రూపు వరకు అట్లా పెట్టిస్తాం. ఎవరు ఎన్నిసార్లు విని కోతకు దిగినారో కూడా రాసిపెడతా. మీ పిల్లల్ని పంపండి.