జీతం లేని శిక్షణకు విజిటర్ వీసా సరిపోతుందా?

ముషీరాబాద్ మెడికో:
ఈ మధ్యే హౌస్ సర్జన్సీ ముగించాను. అమెరికాలో డాక్టరు లైసెన్సుకు రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షకు చదువుతున్నాను. షికాగోలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నాలుగు వారాల ఎక్స్‌టర్న్‌షిప్ (రోగులను స్వయంగా చూస్తూ నేర్చుకునే శిక్షణ) ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు అంటున్నారు. జీతం లేదు సరికదా, ఎదురు మనమే ఫీజు కట్టాలి. నా దగ్గర పదేళ్ల బి-1/బి-2 విజిటర్ వీసా ఉంది (బి-1 వృత్తి, వ్యాపార పనులకు, బి-2 పర్యటనకు, బంధువులను చూడటానికి). అక్క కాన్పు సమయంలో అమ్మతో పాటు వెళ్లడానికి తీసుకున్నది. "జీతం లేనప్పుడు అది ఉద్యోగమే కాదు, ఆ వీసా మీదే వెళ్లండి, ఎయిర్‌పోర్టులో అడిగితే అక్కను చూడటానికి వచ్చానని చెప్పండి" అని ఏజెన్సీ సలహా. మా సీనియర్లు కొందరు అలాగే వెళ్లివచ్చారు. నాన్నగారు మాత్రం ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి?

దిల్‌సుఖ్‌నగర్ డాక్టర్:
వెళ్లండి. రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ వైద్య శిక్షణకు, దరఖాస్తు పెట్టేటప్పుడు అమెరికాలో క్లినికల్ అనుభవం ఉందా, అక్కడి డాక్టర్ల సిఫార్సు లేఖలు ఉన్నాయా అని చూస్తారు. గోడ పక్కన నిలబడి చూసి వచ్చిన వాళ్లకు ఇచ్చే లేఖలో ఏం బలం ఉంటుంది? కేసు హిస్టరీ తీసుకుని, పరీక్ష చేసి, చర్చించిన వాళ్ల గురించే డాక్టరు నాలుగు మాటలు రాయగలుగుతారు. వీసా ఉంది, జీతం తీసుకోవడం లేదు, ఎవరి ఉద్యోగమూ లాక్కోవడం లేదు. హాస్పిటల్ పేరు ఎత్తితే మాత్రం అధికారికి అనుమానం మొదలవుతుంది. యువ డాక్టరు అనగానే అక్కడే ఉండిపోతారని అనుకుంటారు.

సోమాజిగూడ ఫిజీషియన్:
అమ్మా, మీ నాన్నగారి మాటే సరైనది. వీసా దగ్గర ఎక్కువమంది పిల్లలు తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

జీతం ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న కాదు. అక్కడ మీరు చేసేది ఏమిటన్నది మొదటి ప్రశ్న. బి-1 మీద డాక్టర్లు వెళ్లి అబ్జర్వర్‌షిప్, అంటే చూసి నేర్చుకోవడం, చేయవచ్చు. రౌండ్స్‌లో వెంట నడవవచ్చు, కేసు చర్చలు వినవచ్చు, ఆపరేషన్ చూడవచ్చు. రోగిని పరీక్షించడం, కేస్ షీట్‌లో రాయడం, మందు సూచించడం మొదలైతే అది చికిత్సలో పాలుపంచుకోవడమే. దానికి జీతం ముట్టకపోయినా బి-1 సరిపోదు. విద్యార్థులకు ఒక మినహాయింపు ఉంది. విదేశీ వైద్య కళాశాలలో ఇంకా చదువుతూ, ఆ చదువులో భాగంగా అమెరికా మెడికల్ స్కూలు ఆసుపత్రిలో జీతం లేకుండా ఎలెక్టివ్ (ఎంచుకున్న విభాగంలో కొద్ది వారాల శిక్షణ) చేసేవారు బి-1 మీద వెళ్లవచ్చు. మీ సీనియర్లలో ఫైనలియర్‌లో వెళ్లినవారు ఈ దారిలో వెళ్లి ఉంటారు. మీరు చదువు ముగించారు, పైగా వెళ్తున్నది ఒక ప్రైవేటు క్లినిక్‌కు. ఆ మినహాయింపు మీకు వర్తించదు.

ఎయిర్‌పోర్టులో చెప్పమన్న మాట ఇంకా ప్రమాదకరం. మీ వీసా మీద బి-1, బి-2 రెండూ ఉన్నాయి కాబట్టి అబ్జర్వర్‌షిప్‌కు కొత్త వీసా అక్కర్లేదు. అక్కడ దిగాక అధికారికి లేఖ చూపించి ఉన్నది చెబితే బి-1 కింద అనుమతించవచ్చు. అక్కను చూడటానికని చెప్పి క్లినిక్‌కు వెళితే అది అబద్ధం. ముఖ్యమైన విషయం దాచి ప్రవేశం పొందారని తేలితే ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప.

ఎలా తేలుతుంది అని అడుగుతారేమో. మీరే రాసిస్తారు! రేపు రెసిడెన్సీ దరఖాస్తులో "షికాగోలో నాలుగు వారాల ఎక్స్‌టర్న్‌షిప్, రోగులను స్వయంగా పరీక్షించాను" అని తేదీలతో సహా రాస్తారు. రాయకపోతే అంత డబ్బు పోసి వెళ్లిన ఫలమే లేదు. సీటు వచ్చాక రెసిడెన్సీకి కావలసిన జె-1 వీసాకు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడితే, అధికారి ఆ తేదీల్లో మీరు ఏ పని మీద వెళ్లారని అడగవచ్చు. ఇన్నేళ్ల చదువు ఆ ఒక్క జవాబు మీద వేలాడటం నాకు ఇష్టం లేదు.

జీనోమ్ వ్యాలీ ఇంజనీరు:
మా ఫార్మా రంగంలో లెక్క వేరు. కొత్త యంత్రం కొన్నప్పుడు తయారీదారు దగ్గర శిక్షణకు కంపెనీ పంపిస్తే, జీతం ఇక్కడే వస్తుంది, పని కూడా ఇక్కడి కంపెనీ కోసమే. అలాంటివారు బి-1 మీద వెళ్తుంటారు. అక్కడి ఉత్పత్తిలో పనివాడిగా నిలబడితే మాత్రం కుదరదు. ఎవరికోసం పని చేస్తున్నామన్నదే అక్కడా చూస్తారు.

దిల్‌సుఖ్‌నగర్ డాక్టర్:
ఫిజీషియన్ గారూ, నియమం మీరు చెప్పినట్టే ఉండవచ్చు. కానీ దాని భారం ఎవరి మీద పడుతోంది? పెద్ద కార్పొరేట్ కాలేజీల్లో చదివేవాళ్లకు విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలుంటాయి, ఫైనలియర్‌లోనే ఎలెక్టివ్‌కు వెళ్లివస్తారు. జిల్లా నుంచి వచ్చి సర్కారు కాలేజీలో చదివినవాళ్లకు ఆ సంగతి తెలిసేసరికి డిగ్రీ చేతికొస్తుంది. శిక్షణకు హెచ్-3, జె-1 ట్రైనీ వీసాలు ఉన్నాయి కదా, వాటిలో పంపించే మార్గమైనా చెప్పండి. తలుపులన్నీ మూసి నీతి చెబితే ఎలా?

సోమాజిగూడ ఫిజీషియన్:
మీ ఆవేదన నాకూ ఉంది. సర్కారు కాలేజీల్లో మూడో ఏడాదిలోనే ఎలెక్టివ్‌ల గురించి చెప్పాలని నేనూ అడుగుతూనే ఉన్నాను. కానీ మీరు చూపిన రెండు దారులూ ఈ అమ్మాయికి లేవు. హెచ్-3 గరిష్ఠంగా రెండేళ్ల శిక్షణ వీసా. డిగ్రీ తర్వాతి వైద్య శిక్షణను చట్టమే దాని నుంచి తప్పించింది. జె-1 ట్రైనీ విభాగంలో రోగులకు చికిత్స చేసే పనులు నిషిద్ధం. రోగులకు చికిత్స చేస్తూ శిక్షణ పొందే డాక్టర్లకు జె-1 ఉన్నది రెసిడెన్సీ, ఆ తర్వాతి ఫెలోషిప్‌లకు, అదీ విదేశీ డాక్టర్ల అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ ద్వారా. ఆ వీసాలో శిక్షణ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. డిగ్రీ అయిన డాక్టరు కొద్ది వారాలు జీతం లేకుండా రోగులకు చికిత్స చేయడానికంటూ అమెరికా విడిగా వీసా పెట్టలేదు. ఏజెన్సీ అమ్ముతున్నది ఆ లేని దారినే.

లేఖ బలం గురించి కూడా ఒక మాట. వార్డులో చూసిన కేసు మీద రాత్రి చదివి, మర్నాడు డాక్టరు ముందు సరైన ప్రశ్న వేసే కుర్రవాడి గురించి రాయడానికి చాలా ఉంటుంది. రోగిని ముట్టుకుంటేనే మన తెలివి బయటపడుతుందని నేను ఒప్పుకోను.

మాంచెస్టర్ నుంచి:
ఇంగ్లండ్‌లో గీత మరింత స్పష్టంగా ఉంది. స్టాండర్డ్ విజిటర్ వీసా మీద క్లినికల్ అటాచ్‌మెంట్‌కు (ఆసుపత్రిలో చూసి నేర్చుకోవడానికి) రావచ్చు, ఇక్కడ డాక్టరుగా నమోదు కావడానికి విదేశీ డాక్టర్లు రాసే ప్లాబ్ పరీక్ష రాయవచ్చు. రోగులకు చికిత్స చేయకూడదని నిబంధనల్లోనే ఉంది. జీతం లేని పని కూడా ఇక్కడ పనే. మోసం చేశారని తేలితే పదేళ్లు దరఖాస్తులు తిరస్కరిస్తారు.

ముషీరాబాద్ మెడికో:
అందరికీ ధన్యవాదాలు. ఏజెన్సీ పంపిన లేఖ మళ్లీ చదివాను. పైన "అబ్జర్వర్" అని ఉంది. రెండో పేరాలో "పర్యవేక్షణలో రోగులను పరీక్షించి, నోట్స్ రాస్తారు" అని ఉంది. అడిగితే పై మాట మాత్రమే చూపించండి అన్నారు. వాళ్లనే లేఖ మార్చమని అడగనా, వేరే చోటు చూసుకోనా?

సోమాజిగూడ ఫిజీషియన్:
లేఖ మార్చి పని మార్చకపోతే ప్రయోజనం లేదు. ఆ ఏజెన్సీని వదిలేయండి. బోధనాసుపత్రుల్లో అబ్జర్వర్‌షిప్ నడిపే విభాగాలకు నేరుగా ఈమెయిల్ పెట్టండి. లేఖలో మీరు చూడటానికే వస్తున్నారని, రోగులతో చికిత్సా సంబంధం ఉండదని, జీతం ఉండదని, మొదలు చివర తేదీలు ఇవీ అని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద అడగండి. తేదీలు చుట్టూ కాస్త వెసులుబాటుతో పెట్టుకుంటే అక్క ఇంటికి కూడా వెళ్లవచ్చు, ఆ సంగతీ అధికారికి చెప్పవచ్చు. ఏజెన్సీకి అడ్వాన్సు ఇంకా కట్టలేదు కదా?

ముషీరాబాద్ మెడికో:
కట్టలేదండీ. రేపు ఉదయం ఏజెన్సీకి వద్దని రాసి, ముందు షికాగోలోనే ఉన్న బోధనాసుపత్రులకు మెయిల్ పెడతాను.