ప్రోటాన్ వ్యాసార్థం చిక్కు నిజంగా వీడిందా?

ప్రశ్న

2010లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో మ్యూయానిక్ హైడ్రోజన్‌పై (ఎలక్ట్రాన్ స్థానంలో మ్యూయాన్ అనే బరువైన కణం ఉండే హైడ్రోజన్) జరిగిన లేజర్ కొలతలో ప్రోటాన్ ఆవేశ వ్యాసార్థం (దాని ఆవేశం పరుచుకున్న పరిధి) సుమారు 0.842 ఫెమ్టోమీటర్లని (ఫెమ్టోమీటర్ అంటే 10⁻¹⁵ మీటర్) తేలింది. అదే ఏడాది జర్మనీలోని మైన్జ్ బృందం ఎలక్ట్రాన్ పరిక్షేపణం (ఎలక్ట్రాన్లను ప్రోటాన్లపైకి పంపి అవి చెదిరే తీరును కొలవడం) ద్వారా 0.879 అని ప్రకటించింది. 2019లో అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో జరిగిన ప్రాడ్ ప్రయోగం మళ్ళీ ఎలక్ట్రాన్లతోనే 0.831 చూపింది. ఈ వివాదం ఇక ముగిసినట్లేనా?

మొదటి సమాధానం

ముగిసినట్లేనని నా అభిప్రాయం. మ్యూయాన్ ఎలక్ట్రాన్ కంటే దాదాపు 207 రెట్లు బరువైనది కావడంతో ప్రోటాన్‌కు ఎంతో దగ్గరగా ఉంటుంది. ప్రోటాన్ లోపల అది కనిపించే సంభావ్యత ఎలక్ట్రాన్‌తో పోలిస్తే లక్షల రెట్లు ఎక్కువ. మామూలు హైడ్రోజన్‌పై 2017లో గార్షింగ్‌లో జరిగిన కొలత కూడా చిన్న విలువనే సమర్థించింది. భౌతిక స్థిరాంకాల విలువలను సిఫారసు చేసే అంతర్జాతీయ సంస్థ కోడాటా 2018లో ఇచ్చిన విలువ 0.8414. ఇంత కచ్చితత్వం పరిక్షేపణంతో సాధ్యం కానప్పుడు దానిపై ఇంకా వాదించడం దేనికి?

రెండవ సమాధానం

సంఖ్య విషయంలో మీతో ఏకీభవిస్తాను గాని, పరిక్షేపణాన్ని పక్కన పెట్టాలన్న మాటను ఒప్పుకోలేను. లేజర్‌తో పరమాణు శక్తి స్థాయిలను కొలిచే వర్ణపట పద్ధతి మనకు ఒక్క సంఖ్యనే ఇస్తుంది. ప్రోటాన్ లోపల ఆవేశం, అయస్కాంతత్వం ఎలా పరుచుకుని ఉన్నాయో చెప్పగలిగేది పరిక్షేపణమే. ప్రోటాన్ బిందువు కాదని 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాటర్ నిరూపించింది దీనితోనే.

వ్యాసార్థం రావాలంటే ద్రవ్యవేగ బదిలీ (ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాన్ ప్రోటాన్‌కు ఇచ్చే ద్రవ్యవేగం) సున్నా అయిన చోట ఫార్మ్ ఫ్యాక్టర్ (ప్రోటాన్ లోపలి ఆవేశ పంపిణీని వర్ణించే ప్రమేయం) వాలు తెలియాలి. అక్కడ నేరుగా కొలవలేము కనుక, కొలిచిన బిందువుల గుండా గీసిన వక్రాన్ని సున్నా దాకా పొడిగిస్తారు. లోపమంతా ఆ పొడిగింపులోనే ఉందని చాలామంది అంటారు. అందులో కొంత నిజముంది: విక్షేపణ సంబంధాలను (ఫార్మ్ ఫ్యాక్టర్ వక్రం రూపాన్ని సిద్ధాంతపరంగా నియంత్రించే సమీకరణాలు) ఆధారం చేసుకున్న విశ్లేషణలు 1990లలోనే పాత పరిక్షేపణ దత్తాంశాల నుంచి 0.85కు దగ్గరి విలువను రాబట్టాయి. ప్రాడ్ బృందం కిటికీలు లేని (ఎలక్ట్రాన్ పుంజం దారిలో పలుచటి గోడలు అడ్డురాని) వాయు లక్ష్యాన్ని వాడి, ఎలక్ట్రాన్-ఎలక్ట్రాన్ పరిక్షేపణను కూడా అదే సమయంలో కొలిచి, మైన్జ్ కంటే పదిహేను రెట్లకు పైగా తక్కువ ద్రవ్యవేగ బదిలీ వర్గం (స్క్వేర్) వరకు వెళ్ళింది కాబట్టి దానికి పొడిగించాల్సిన దూరం బాగా తగ్గింది.

అయితే రెండు ప్రయోగాలూ కొలిచిన ఉమ్మడి ప్రాంతంలోనే ఫార్మ్ ఫ్యాక్టర్ విలువలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఈ తేడాను పొడిగింపు పద్ధతి మీదకు నెట్టలేము. దీని మూలం దత్తాంశాల ప్రమాణీకరణలోనో (కొలతల మొత్తం స్కేలును నిర్ణయించడం), వికిరణ సవరణల్లోనో (ఢీకొనేటప్పుడు అదనపు ఫోటాన్ల వల్ల వచ్చే మార్పులను లెక్కించి సరిచేయడం) ఉండాలి. ఎవరి కొలతలో ఏది తప్పిందో తెలియకుండా, సరిపోయిన సంఖ్యను మాత్రమే స్వీకరించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మూడవ సమాధానం

వికిరణ సవరణల మాట ఎత్తారు కనుక ఒక పూర్వానుభవాన్ని చేరుస్తాను. ప్రోటాన్ విద్యుత్, అయస్కాంత ఫార్మ్ ఫ్యాక్టర్ల నిష్పత్తి దాదాపు స్థిరమని రోజెన్‌బ్లూత్ పద్ధతి (ఒకే ద్రవ్యవేగ బదిలీ వద్ద వేర్వేరు కోణాల్లో పరిక్షేపణను పోల్చడం) చాలాకాలం చెబుతూ వచ్చింది. 2000 ప్రాంతంలో జెఫర్సన్ ల్యాబ్‌లో ధ్రువణ బదిలీ కొలతలు (ఎలక్ట్రాన్ స్పిన్ దిశ ప్రోటాన్‌కు ఎంత బదిలీ అవుతుందో చూసేవి) ద్రవ్యవేగ బదిలీ పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి పడిపోతుందని చూపాయి. లెక్కలో పూర్తిగా చేర్చని రెండు ఫోటాన్ల మార్పిడే (ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఒకటికి బదులు రెండు ఫోటాన్లను ఇచ్చిపుచ్చుకోవడం) ఈ తేడాకు ప్రధాన కారణమని ఎక్కువమంది భావిస్తున్నారు. ఆ మార్పిడి ప్రభావం ఎలక్ట్రాన్‌కూ, ధనావేశం గల దాని ప్రతికణమైన పాజిట్రాన్‌కూ వ్యతిరేక గుర్తులతో వస్తుంది. అందుకే ధన, ఋణ ఆవేశాలు రెండింటి ఎలక్ట్రాన్లనూ మ్యూయాన్లనూ ఒకే పరికరంతో పరిక్షేపించేలా పాల్ షెరర్ సంస్థలో రూపొందించిన మ్యూస్ ప్రయోగం, రెండవ సమాధానంలోని అనుమానాల్లో కనీసం ఒకదాన్ని సూటిగా పరీక్షించగలదు.