అప్‌డేట్: టొరంటోకే పంపుతున్నా

నా పేపర్‌ని ఐగార్స్‌కి (ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించే రంగంలో అంతర్జాతీయ సదస్సు) పంపాలా, అలాంటిదే అయిన ఐఎస్‌పీఆర్‌ఎస్ కాంగ్రెస్‌కా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, తేల్చుకున్నాను. 2026 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగే ఐగార్స్ ఏటా ఉంటుంది. జులై 4 నుంచి 11 వరకు టొరంటోలో జరిగే కాంగ్రెస్ నాలుగేళ్లకోసారే. అందుకే అటు మొగ్గాను. కాంగ్రెస్ పేపర్లు ఆనల్స్, ఆర్కైవ్స్ అని రెండు సంకలనాల్లో వస్తాయి. ఆనల్స్‌కైతే పూర్తి పేపర్ పంపాలి, పేర్లు దాచి సమీక్షిస్తారు. ఆర్కైవ్స్‌కి సారాంశం చూసి తీసుకుంటారు. నాది ఆర్కైవ్స్‌కే.

పని గోదావరి డెల్టా వరి మీద. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 తీసిన రాడార్ చిత్రంలో నాట్లప్పుడు నీళ్లు నిండిన మడి నల్లగా కనిపిస్తుంది, పైరు దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడుతుంది. మబ్బు పట్టినా రాడార్‌కి అడ్డం లేదు, సార్వా (వానాకాలం) పంటకి అదే కావాలి. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ (నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం) డేటాతోనూ పోల్చమని మీలో కొందరు అన్నారు, చాలా మంచి సలహా, అదే చేస్తున్నాను.

ఇక వీసా మిగిలింది. కెనడా కాన్ఫరెన్సులకు వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.