అప్‌డేట్: ఎం51 గెలాక్సీ భుజం కనిపించింది!

ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో ఎం51 గెలాక్సీ రెండు మసక మచ్చల్లాగే ఉంది, సర్పిల భుజాలు, అంటే సుడిలా చుట్టుకున్న నక్షత్రాల వంపులు, ఎందుకు కనబడవని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. మీరు చెప్పినట్టే చంద్రుడు లేని రాత్రి, దీపాలకు దూరంగా, అరగంట కళ్ళను చీకటికి అలవాటు చేసుకుని చూశాను. చూపు కాస్త పక్కకు నిలిపితే, పెద్ద మచ్చ చుట్టూ పాలపొగలా ఒక వంపు తేలింది. సూటిగా చూడగానే మాయం! రంగులు లేవు; నక్షత్రాలు పుట్టే గులాబీ మేఘాలు కెమెరాకే దక్కుతాయి. చిన్న మచ్చ, అంటే పక్కనున్న ఎన్‌జీసీ 5195 గెలాక్సీ ఆకర్షణే ఆ భుజాలను అంత స్పష్టంగా తీర్చిందని శాస్త్రవేత్తల వివరణ. 1845లో ఐర్లండ్ ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ 72 అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో ఈ సుడిని చూసి బొమ్మ గీశారు. రెండు కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణించిన వెలుగది! పక్కచూపు చిట్కా చెప్పినవారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.