శాట్ లెక్కలు: డెస్మాస్ ఉండగా చేత్తో కుస్తీ ఎందుకు?

640దగ్గరే
శాట్ (అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) ఇంకో ఏడు వారాలు. ప్రాక్టీసులో లెక్కల స్కోరు 640 దాటనంటోంది. మా సారేమో “క్యాలిక్యులేటర్ ముట్టుకోవద్దు, ముందు చేత్తో చెయ్యి” అంటారు. పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లోనే డెస్మాస్ అనే గ్రాఫు గీసే క్యాలిక్యులేటర్ పెట్టి, లెక్కల రెండు మాడ్యూళ్లలోనూ (భాగాల్లోనూ) వాడుకోమంటున్నప్పుడు ఈ వ్రతం ఎందుకండీ?

గ్రాఫురాయుడు
మీ సారు పాత కాలంలో ఉన్నారు. 44 ప్రశ్నలు, 70 నిమిషాలు. ఒక్కోదానికి 95 సెకన్లు. “ఎక్స్² – 4ఎక్స్ + 1, 2ఎక్స్ – 4 ఎక్కడ ఖండించుకుంటాయి?” అంటే రెండూ టైప్ చెయ్యండి, చుక్క మీద నొక్కండి: (1, –2), (5, 6). అయిపోయింది. మిగిలిన నిమిషం కష్టమైనదానికి దాచుకోండి.

పాతపేపరు
ఆ పాత కాలం మనిషిని నేనే. మేం కాగితం మీద రాసిన రోజుల్లో 20 ప్రశ్నల భాగం ఒకటి క్యాలిక్యులేటర్ లేకుండానే చెయ్యాలి, 25 నిమిషాల్లో. గొప్ప చెప్పుకోవడానికి కాదులెండి, ఈ లెక్క చూడండి: కె·ఎక్స్ + 2వై = 5, 6ఎక్స్ + 4వై = 7. సాధన లేకుండా, అంటే రెండు గీతలూ ఎక్కడా కలవకుండా ఉండాలంటే కె ఎంత? చేత్తో అయితే ఒక్క వరుస: కె/6 = 2/4, కె = 3. డెస్మాస్‌లో కె విలువ మార్చే స్లైడర్ జరుపుతూ కూర్చుంటే 2.9 దగ్గర కూడా గీతలు సమాంతరంగానే కనిపిస్తాయి.

గ్రాఫురాయుడు
స్లైడర్ ఎందుకు? ఇచ్చిన నాలుగు ఆప్షన్లూ పెట్టి చూస్తే సరి.

పాతపేపరు
దాదాపు నాలుగోవంతు ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు బాబూ, జవాబు మనమే టైప్ చెయ్యాలి. అప్పుడేం పెట్టి చూస్తారు?

హారంలోఇరుక్కున్నా
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు డెస్మాస్ వల్లే దెబ్బ పడింది. 1/2 ఎక్స్ + 3 అని గబగబా కొట్టాను. భాగహారం గీటు (/) కొట్టి, కింద 2 వేశాక బాణం మీట నొక్కి బయటికి రాకపోతే తర్వాత కొట్టినదంతా హారంలోకే పోతుంది. సరళరేఖ రావాల్సిన చోట వంకర గీత వచ్చింది. అది వంకరగా ఉండకూడదని తెలియక దాన్నే నమ్మాను! అదీ మొదటి మాడ్యూల్లో. అక్కడ బాగా చేస్తేనే రెండోది కష్టమైనది వస్తుంది. తేలికది వచ్చిందంటే అందులో ఎంత బాగా చేసినా పై స్కోర్లు అందవు.

పాతపేపరు
చూశారా! గీత ఎలా ఉండాలో ముందే తెలిసినవాడికే ఆ యంత్రం పనికొస్తుంది.

గ్రాఫురాయుడు
అది టైపింగ్ తప్పు. అలవాటైతే పోతుంది. చేత్తో చేస్తే గుర్తులు తారుమారు కావా?

640దగ్గరే
మీ వాదన చదివి, నిన్న తప్పిన 9 లెక్కలూ మళ్లీ ముందేసుకున్నాను. డెస్మాస్‌తో పోయినవి 3, చేత్తో పోయినవి 2. మిగతా 4 చూస్తే నవ్వొచ్చింది. ఎక్స్ సరిగ్గానే కనుక్కున్నాను, వాళ్లడిగింది 2ఎక్స్ + 1. దీనికెవరి దగ్గరైనా మందుందా?

పాతపేపరు
లెక్క మొదలెట్టకముందే, అడిగిందేమిటో రఫ్ కాగితం మీద రాసి చుట్టూ గుండ్రం చుట్టండి. జవాబు నొక్కే ముందు ఆ గుండ్రం చూడండి.

గ్రాఫురాయుడు
దీంట్లో నేనూ పాతపేపరు మాస్టారి పక్షమే. కె గొడవ మాత్రం ఒప్పుకోను.